మహమూద్ అందాజా

కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే ముందు పంతులు దగ్గరికి, అక్కణ్ణుంచి నేరుగా మహమూద్ ఇంటికి వెళ్లేవాళ్లు. మహమూద్ ఏ రోజు ఖాళీగా ఉన్నాడో కనుక్కున్నాకే పంతులు దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారని అక్కడివాళ్లు చెబుతారు. నేను నమ్మను గానీ, అలా చెప్పుకోవడం వాళ్లకు సరదా. బగారా అన్నం, దాల్చా, వంకాయ కూర అతని చేతి వంటలు. హిందువుల పెళ్లయినా, ముస్లింల పెళ్లయినా, మేకల కోత ఉన్నా లేకున్నా పొయ్యి దగ్గర నిలబడేది అతనే. వంటలు లేని రోజుల్లో తన రెండెకరాల మెట్ట చెలకలో ఉండేవాడు.

అతని వంటలో తూకం ఉండదు, అంతా అందాజా. మనం పట్నంలో ‘అందాజా’ అంటే ‘సుమారుగా’ అనే అర్థంలో వాడతాం. తెలిసీ తెలియని లెక్క అన్నమాట. ఆ ఊళ్లో అర్థం దాదాపు తలకిందులు. అందాజా ఉన్న మనిషి అంటే చెయ్యి తప్పనివాడు. తూకం వేసి వండేవాడు ఇంకా నేర్చుకుంటున్నాడనీ, అందాజాతో వండేవాడికి పని వచ్చేసిందనీ వాళ్ల లెక్క. మహమూద్ అందాజా అంటే ఇక తిరుగులేదు. అతను వండిన పెళ్లిలో అన్నం తక్కువ పడిందని ఎవరూ ఎన్నడూ అనలేదు.

దాని వెనుక పెద్ద రహస్యమేమీ లేదు. పెళ్లివారు ఎంతమంది వస్తారని చెప్పినా అతను నమ్మేవాడు కాదు. కార్డులు ఎవరెవరికి పంచారు, ఆ రోజు ఇంకా ఎక్కడెక్కడ పెళ్లిళ్లున్నాయి, మగపెళ్లివారు బస్సు మాట్లాడారా లేదా అని అడిగేవాడు. అన్నీ విని ఒక లెక్కకు వచ్చేవాడు. ఆ లెక్క మీద ఇంకొంచెం వేసేవాడు. తక్కువ పడితే ఇంటివాళ్ల ఇజ్జత్ పోతుంది, మిగిలితే నలుగురు ఇళ్లకు తీసుకుపోతారు. అందుకని అతని చెయ్యి ఎప్పుడూ పైకే మొగ్గేది.

నాది వనపర్తి. పేరు మాలతి. 2004లో భూగర్భ జలాల మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరితే నన్ను ఆ ఊరికి వేశారు. ఊరి పేరు రాయను. రాస్తే నాకు ఫోన్లు వస్తాయి. మా పని చెప్పడానికి తేలిక. ఊళ్లో వాళ్లే తమ బోర్లలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలుస్తారు, వాన ఎంత పడిందో కొలుస్తారు. ఆ అంకెలన్నీ మా జయరాజు సార్‌కు చేరతాయి. ఆయన భూగర్భ శాస్త్రం చదివినవాడు. కంప్యూటర్‌లో ఊరి నేలకు ఒక నమూనా తయారు చేసి, యాసంగిలో, అంటే రబీలో, ఎన్నెకరాల వరికి నీళ్లు సరిపోతాయో చెబుతారు. ఆ మాటను బట్టి ఊరు నాట్లు వేసుకోవాలి.

అయితే మా పాలమూరు నేల కింద ఉన్నదంతా రాయి. నీళ్లుండేది రాతి పగుళ్లలో. ఒకరి బోరు నిండుగా పోస్తుంటే, పక్క చెలకలో వేసిన బోరులో దుమ్ము లేస్తుంది. ఆ పగుళ్లు ఎటు పోయాయో, ఎంత లోతుకు దిగాయో లోపలికి దిగి చూసినవాడు లేడు. అందుకని సార్ తెలియని సంగతులను ఒకసారి ఇలా అనుకుని, మరోసారి అలా అనుకుని, అదే లెక్కను కంప్యూటర్‌తో వందలసార్లు కట్టించేవారు. ప్రతిసారీ జవాబు మారేది. ఆ జవాబుల్లో అడుగున ఉన్నదేదో, పైన ఉన్నదేదో చెప్పి, నిజం ఈ రెంటి మధ్య ఉంటుంది అనేవారు. చదువుకున్నవాడు నిజాయితీగా అంతకంటే ఏం చెప్పగలడు?

2005లో వానలు బాగా పడ్డాయి. అంతకుముందు ఏళ్లు ఎండిపోయి ఉన్న జనం, బోర్లలో నీళ్లు పైకి రావడం చూసి ఆగలేకపోయారు. దీపావళి వెళ్లాక బడి వరండాలో మీటింగు పెట్టాం. జయరాజు సార్ ఎనభై నుంచి నూట అరవై ఎకరాల దాకా అని చెప్పి, ఇందులో అనిశ్చితి ఉందన్నారు.

"అనిశ్చితి అంటె ఏం మందు సారూ? యూరియాల కలిపి జల్లాల్నా?" అని అడిగాడు జంగయ్య. అతనికి ఊరి చివర రోడ్డు పక్కన బత్తాయి తోట ఉంది. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, మళ్లీ మొదటి నుంచి చెప్పారు. మళ్లీ ఎవరికీ అర్థం కాలేదు. ఎనభై ఏమిటి, నూట అరవై ఏమిటి, సగానికి సగం తేడా వచ్చే లెక్క కూడా లెక్కేనా అని గొణుక్కున్నారు.

అప్పుడు మహమూద్ లేచాడు. నీళ్ల కమిటీలో అతనూ ఉన్నాడు. "సార్ జెప్పేది అందాజా లెక్క. తూకం గాదు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఊరు తేలికపడింది. అందాజా అయితే ఇంకేం కావాలి? "మరి నువ్వే జెప్పు బాయ్, ఎంత ఏస్కోవచ్చు?" అని నాలుగు వైపుల నుంచీ అడిగారు. మహమూద్ కాసేపు కళ్లు మూసుకున్నాడు, బియ్యం ఎంత పొయ్యాలో చూసుకున్నట్టు. "నూట అరువై ఎకరాలు," అన్నాడు. అది పై అంకె అని సార్ లేచి చెప్పారు. నేనూ గొంతు పెంచి చెప్పాను. సరే మేడం, సరే సార్ అంటూ జనం చెప్పులు తొడుక్కున్నారు. వాళ్లకు కావలసిన మాట దొరికిపోయింది.

ఇక్కడితో ఆగినా కొంత నయముండేది. మహమూద్ వండిన గంజులో, అంటే ఆ పెద్ద వంటగిన్నెలో, ఎప్పుడూ కొంత మిగులుతుందని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నూట అరవై అన్నాడంటే కొంత వెనకేసుకునే చెప్పి ఉంటాడని ఎవరికి వారు అనుకున్నారు. ఎవరికి వారు ఇంకో మడి ఎక్కువ నాటారు. జనవరిలో నేను బస్సు దిగి చూస్తే, ఎప్పుడూ ఎర్రగా కనిపించే ఆ ఊరు పచ్చగా ఉంది. నాకు సంతోషం కలగలేదు.

ఫాల్గుణం వచ్చేసరికి బోర్లు గాలి కక్కడం మొదలుపెట్టాయి. కంకి పాలు పోసుకునే వేళకు మళ్లు నెర్రెలు విచ్చాయి. ఎండిన వరిలోకి మేకలను తోలారు. వరి పోయినవాళ్లు తిట్టుకున్నారు, ఏడ్చారు, మళ్లీ వానాకాలం కోసం చూశారు. జంగయ్య సంగతి అలా కాదు. బత్తాయి చెట్టు ఐదేళ్లు పెంచితే గానీ కాయదు. అతని తోటకు ఐదో ఏడు నడుస్తోంది. చుట్టూ ఉన్న మళ్లన్నీ ఆ పగుళ్ల నీళ్లనే గుంజాయి. అతని బోరు మార్చిలోనే ఆగిపోయింది. అతనూ భార్య బాలమ్మా ట్యాంకర్లు తెప్పించి, కడవలతో పాదులకు మోసి, ఎండల్లో నల్లగా కమిలిపోయారు. వానలు పడేనాటికి రోడ్డు వైపున్న సగం తోట ఎండిపోయింది. మిగిలిన సగం కొన ఊపిరితో ఉంది.

బాలమ్మ ఒకరోజు మహమూద్ ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. తిడుతుందని అనుకున్నాను, తిట్టలేదు.

"మహమూద్ బాయ్, మా పిల్ల పెండ్లిల నువ్వొండినవ్. ఊరు ఊరంత తిన్నది, గింత తక్కువ పడలె. గీ లెక్క ఎట్ల తప్పింది?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆమెకు అంతుబట్టలేదు. మహమూద్ తల వంచుకుని కూర్చున్నాడు. ఆ మనిషి మొహం చూడలేక నేను బయటికి వచ్చేశాను. ఆ వారం శ్రీరంగాపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లి దాల్చాలో రెండుసార్లు ఉప్పేశాడట. ఆ సంగతి అతనికంటే ముందు ఊరికి చేరింది.

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టింది అతని భార్య షరీఫాబీ. వాళ్లిద్దరూ ఉర్దూలో వాదించుకున్న సంగతి నాకు తర్వాత తెలుగులో చెప్పింది. "ఈయన బోరును గంజు అనుకున్నడు బేటీ. మంది ఎంతొస్తరో తెల్వకపోతె ఎక్కువనే ఒండాలె, గది కరెక్టే. నీళ్లు ఎన్నున్నయో తెల్వకపోతె గూడ ఎక్కువనే జెప్పిండు. ఈడ వడ్డించెటోడు గాదు గద ఈయన, తినెటోడు," అంది. నేను ఆ మాటను సంస్థ రిపోర్టులో రాద్దామనుకున్నాను. మా రిపోర్టు ఫారంలో అలాంటివి రాయడానికి గడి లేదు.

మరుసటేడు వానలు మొదట ఎగ్గొట్టి, చివర్లో ఒక్కసారిగా కురిశాయి. అలాంటి వానలో ఎంత భూమిలోకి దిగిందో, ఎంత వాగులో కొట్టుకుపోయిందో చెప్పడం ఇంకా కష్టం. సార్ లెక్క ఈసారి అరవై నుంచి నూట ముప్పై అని వచ్చింది. మీటింగుకు ముందే మహమూద్ నాతో పాటు మా ఆఫీసుకు వచ్చాడు. "సార్, గీసారి ఒక్క అంకె ఇయ్యుండ్రి. రెండు జెప్తె మా ఊరోళ్లు నచ్చింది వట్టుకుంటరు," అన్నాడు.

"ఇస్తాను మహమూద్ భాయ్. కానీ అది నేను కల్పించినది అవుతుంది," అన్నారు జయరాజు సార్. "లెక్క అటు తప్పొచ్చు, ఇటు తప్పొచ్చు. ఎటు తప్పితే మీ ఊరికి కోలుకోలేని దెబ్బో అది కంప్యూటర్‌కు తెలియదు. మీరు కూర్చుని తేల్చుకోవాల్సింది అదొక్కటే."

మహమూద్, నేను తిరుగు బస్సెక్కాం. కోలుకోలేని దెబ్బ ఎవరికో మా ఇద్దరికీ తెలుసు. ఇంకొక్క ఎండాకాలం అలాంటిది వస్తే జంగయ్య తోటలో మిగిలిన సగం కూడా పోతుంది. మళ్లీ మొక్క పెట్టి ఐదేళ్లు ఎదురుచూసే వయసు అతనిది కాదు. ఆ మాట అతనే అన్నాడు.

ఈసారి మీటింగులో మహమూద్ కళ్లు మూసుకోలేదు. "పైది నూట ముప్పై, కిందిది అరువై. నడుమ ఏడనో ఉన్నయి. ఏడనో నాకు తెల్వదు, సార్‌కు తెల్వదు, కంప్యూటర్‌కు తెల్వదు," అన్నాడు.

"తెల్వనప్పుడు మమ్ముల ఎందుకు పిల్చినవ్?" అన్నాడు రామన్న. ఊళ్లో ఎక్కువ వరి నాటేది అతనే, ఎక్కువ మాట్లాడేదీ అతనే.

"తెల్వదని జెప్పనీకె పిల్చిన. పోయినేడు తెల్సినట్టు జెప్తి. ఏమాయె?"

మహమూద్ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. "పెండ్లిల ఎక్కువొండుత, నిజమే. ఈడ గట్ల పనికిరాదు. కింది లెక్క వట్టుకోని నీళ్లు మిగిల్నయే అనుకో, యాడికి పోవు, భూమిల్నే ఉంటయి. పై లెక్క వట్టుకోని తక్కువ పడ్డయనుకో, జంగన్న తోట పోతది. వరి మల్ల ఏడు ఏస్కుంటం. చెట్టు మల్ల రాదు. అరువై అనుకుందం."

పెద్ద గొడవే అయింది. వరికి బదులు జొన్న, పల్లి వేసుకోగలిగినవాళ్లు సణుక్కుంటూ ఒప్పుకున్నారు. చిక్కంతా కృష్ణయ్య దగ్గర వచ్చింది. అతని మడి తోటకు ఆనుకుని పల్లంలో ఉంది. జిగట నేల, వరి తప్ప ఇంకేదీ రాదు. అతని బోరు ఆడితే తోట బోరు దిగిపోతుందని అందరూ కళ్లారా చూసినదే. అందరూ తన వైపే చూస్తున్నారని తెలిసి కృష్ణయ్య, "సరే తియ్యి," అన్నాడు. నెల తిరక్కముందే భార్య జోగులమ్మనూ, బడికి పోతున్న కూతుర్నీ వెంటబెట్టుకుని మేస్త్రీతో పుణె వైపు బిల్డింగుల పనికి వెళ్లిపోయాడు. కొత్తకోటలో బస్సు కోసం మూటల మీద కూర్చున్న ఆ ముగ్గురినీ నేను చూశాను. పిల్ల ఒళ్లో పలక ఉంది.

ఆ ఎండాకాలం బోర్లు ఆగలేదు. జంగయ్య తోటలో మిగిలిన సగం పూసింది, కాసింది. ఊరికి అది కనిపించలేదు. ఊరికి కనిపించింది బోర్లలో మిగిలిన నీళ్లు. ఏప్రిల్‌లో కొలిచినప్పుడు తేలింది, నూరెకరాల దాకా నాటినా సరిపోయేదని.

"మిగిలిన నీళ్లు ఏం జేద్దం బాయ్, దాల్చాల పోద్దమా?" అని రామన్న హోటల్ దగ్గర అందరి ముందూ అడిగాడు. మహమూద్ కూడా నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నాకు కోపం తొందరగా వస్తుంది. భూమిలోకి నీళ్లు తక్కువ దిగి ఉంటే ఇదే రామన్న మహమూద్‌ను దేవుడనేవాడు. జరిగిన ఒక్కదాన్ని పట్టుకుని, జరగగలిగినవన్నీ మరిచిపోయేవాళ్లతో ఏం మాట్లాడతాం? ఆ మాటే అనబోయాను. మహమూద్ నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

మృగశిర కార్తెలో కృష్ణయ్య కుటుంబం తిరిగి వచ్చింది. వచ్చిన రెండో రోజు పొద్దున్నే అతను మహమూద్ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. షరీఫాబీ ఇచ్చిన చాయ్ తాగుతూ నేనూ అక్కడే ఉన్నాను.

"నీళ్లు మిగిల్నయంట గద, బాయ్?"

"మిగిల్నయి."

"నా మడికి సరిపోతుండెనా?"

ఇక్కడ మహమూద్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నడుమ ఏడనో అనొచ్చు, ఎవరికి తెలుసనొచ్చు. "సరిపోతుండె," అన్నాడు.

"మరి నేనెందుకు పోయిన?"

"చెట్లు నిలవడాలని."

"చెట్లు ఎవరియి?"

కృష్ణయ్య గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. "నీది తప్పని అంటలేను. నువ్వు తెల్వదనే జెప్పినవ్, నేను గూడ విన్న. గని తెల్వని దానికి పోవుడు నేనొక్కన్నే పోతి. పిల్ల అయిదో తరగతి ఇడ్సవెట్టింది," అన్నాడు. గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

నేను ఇన్నేళ్లుగా ఆ సంభాషణను తలుచుకుంటూనే ఉన్నాను. అంకెలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పడం మా సంస్థ నేర్పింది. జాగ్రత్త కోసం కింది అంకె పట్టుకోవడం కూడా నేర్పింది. ఆ జాగ్రత్త బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ అడగలేదు. ఏ వైపు తప్పినా దెబ్బ ఎవరో ఒక్కరి మీదే పడుతుంటే, ఆ ఒక్కరు మళ్లీ మీటింగుకు ఎందుకు రావాలి? మహమూద్ ఆ వానాకాలమంతా చెలకలోనే గడిపాడు. జంగయ్య కనబడితే పలకరించి పక్కకు తప్పుకునేవాడు. కృష్ణయ్య కనబడితే పలకరించడానికీ మొహం చెల్లేది కాదు.

2007 యాసంగికి మళ్లీ మీటింగు పెట్టాం. సార్ లెక్క ఈసారీ రెండంకెలే, ఈసారీ మధ్యలో పెద్ద ఎడం. కాగితం మహమూద్ చేతికిచ్చాను. అతను లేచి నిలబడ్డాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంకె తర్వాత జెప్త. ముంగట ఒకటి తేల్నీయుండ్రి. కింది లెక్క వట్టుకుంటె ఎవరు ఊరిడ్సి పోవాలె?" అన్నాడు.

అందరికీ పేరు తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు. కృష్ణయ్య వరండా చివర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి ‘సరే తియ్యి’ అనడానికి సిద్ధంగా లేడని అతని నిలబడే తీరులోనే కనిపించింది. నేనే ఏదో ఒకటి మాట్లాడి మీటింగు వాయిదా వేద్దామనుకున్నాను.

ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి బాలమ్మ, "రోడ్డు దిక్కు చెట్లు వోయిన జాగ ఉత్తగనే ఉన్నది," అంది. ఎవరితో అందో తెలియదు. జంగయ్య తిరిగి ఆమె వైపు చూశాడు. ఆ తోటలో గడ్డి కూడా ఎవర్నీ కొయ్యనివ్వని మనిషి అతను. కాసేపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"ఎర్ర నేల, పల్లి మంచిగొస్తది," అన్నాడు చివరికి. "క్రిష్ణయ్యను ఏస్కోనియ్యుండ్రి. కౌలు గీలు ఏమొద్దు."

కృష్ణయ్య కదల్లేదు. "నీళ్లు?" అన్నాడు.

"నా బోరు నీళ్లే. చెట్లకూ పల్లికీ రెంటికి."

"తక్కువ వడితె?"

అందరూ మహమూద్ వైపు చూశారు. మహమూద్ జంగయ్య వైపు చూశాడు. ముందు ఎవరికి ఆపాలో ఆ బోరు యజమాని చెప్పాలి తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఐదేళ్లు పెంచిన చెట్లు, అందులో సగం పోగొట్టుకున్నవాడు, మిగిలిన సగం మీదే బతుకుతున్నవాడు. అతను ఆలోచిస్తుంటే తొందరపెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.

"తక్కువ వడితె ఇద్దరికి తక్కువనే," అన్నాడు జంగయ్య.

కృష్ణయ్య గోడ దగ్గర నుంచి వచ్చి జనంలో కూర్చున్నాడు. అప్పుడు మహమూద్ జేబులోంచి కాగితం తీసి రెండంకెలూ చదివాడు.